ముంజేయి కొలిస్తే ముహూర్తమా?

ఆ బుధవారం పొద్దున మెరన్ డ్రీవర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దుటి టీలకు ముందే ఇద్దరు ముసలివాళ్ల చేతులు కొలవాలి. ఆ కొలతలు ఓ కాగితం ముక్క మీద రాసుకోవాలి. మూడింటికి పెద్ద దీవి నుంచి పడవలో వచ్చే డైటీషియన్‌కి అప్పజెప్పాలి. అంతే. స్కార్వా వృద్ధాశ్రమంలో నర్సుగా చేరాక ఇంత తేలిక పని ఆమెకెప్పుడూ తగల్లేదు. దానికి తోడు ఆశ్రమం చూసుకునే మేట్రన్ ఊళ్లో లేదు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "నేనొచ్చేసరికి ఇల్లు ఇల్లులా ఉండాలి మెరన్, ఎవరిచేతా మాట అనిపించుకోకూడదు," అని మాత్రం చెప్పి వెళ్లింది.

మనిషి తింటున్న తిండి ఒంటికి సరిపోతోందా లేదా అన్నది ఒక్క బరువు చూసి చెప్పలేం. అరవై కిలోల పొట్టివాడైతే నిక్షేపంగా ఉన్నట్టు. అదే అరవై కిలోల ఆజానుబాహువైతే ఎముకలగూడు అయినట్టు. అందుకని బరువు పక్కన ఎత్తు కావాలి. చిక్కేమిటంటే, ఎనభై దాటినవాళ్లను గోడకి ఆనించి ఎత్తు కొలుద్దామంటే కుదరదు. నడుం వంగిపోయి ఉంటుంది, వెన్ను కుంగిపోయి ఉంటుంది, కొందరు అసలు నిలబడలేరు. కానీ ముంజేతి ఎముక వంగదు, కుంగదు, అబద్ధం చెప్పదు. మోచేతి మొన నుంచి మణికట్టు ఎముక దాకా కొలిచి పట్టికలో చూస్తే, ఆ మనిషి నిండు వయసులో ఎంత ఎత్తుండేవాడో దాదాపుగా తేలిపోతుంది. పట్టిక తానే తెస్తానని డైటీషియన్ ఫోనులో చెప్పింది.

అసలు ఇదంతా థోర్ఫిన్ ఫ్లెట్ కోసం. ఆయనకి ఎనభై ఏడేళ్లు. బతుకంతా ఆర్క్నీ దీవుల చుట్టూ సముద్రంలో పీతల బుట్టలు లాగి లాగి కొడవలిలా వంగిపోయాడు. ఆశ్రమంలో చేరిన రోజు ఎత్తెంత అని అడిగితే, "ఆరడుగుల రెండంగుళాలు. రాసుకోండి," అన్నాడు. రాసుకున్నారు. ఆ ఎత్తుకి ఆయన బరువు చూసి మేట్రన్ గుండె గుభేలుమంది. ఆనాటి నుంచి ఆయన ఓట్స్ జావలో మీగడ, రొట్టెకి రెండింతలు వెన్న, రాత్రి కస్టర్డ్, పడుకోబోయే ముందు చక్కెర వేసిన పాలు. మహారాజులా తింటున్నాడు, గిన్నె నాకి పెడుతున్నాడు. అయినా కాగితం మీద మాత్రం ఎండిపోయిన మనిషే. వంటామె తన చేతివంటలోనే ఏదో దోషముందని రెండుసార్లు ఏడ్చింది.

రెండో మనిషి ఇంగా ఇజ్‌బిస్టర్. ఎనభై ఆరేళ్ల మాజీ బడిపంతులమ్మ. తుంటి విరిగి చక్రాల కుర్చీలో వచ్చింది, ఒళ్లో ఉన్ని దుప్పటి, భుజాల మీద రెండు శాలువాలు. కూర్చున్న మనిషిని చూసి మేట్రన్ కంటి అంచనాతో ఐదడుగుల రెండంగుళాలని రాసేసింది. ఆ లెక్కన టీచరమ్మ దివ్యంగా ఉన్నట్టే. ఆమె గొంతు విన్నవాళ్లెవరికీ ఆ విషయంలో అనుమానం రాలేదు. పొద్దున లేస్తే థోర్ఫిన్‌తో పోట్లాట. హాల్లో సముద్రం కనిపించే కిటికీ ఒక్కటే, దాని ముందు చోటూ ఒక్కటే.

మెరన్ పనిలోకి దిగి టేపు కోసం చూస్తే సొరుగులో టేపు లేదు. కిటికీ తెరలు కొలవడానికి ఎవరో పట్టుకుపోయారు. అప్పుడామెకి ఎఫీ లింక్‌లేటర్ గుర్తొచ్చింది. ఎఫీ అవ్వ తొంభై నిండిన దర్జీ. ఆ దీవి మీద ఒక తరం పెళ్లికూతుళ్లంతా ఆమె కుట్టిన గౌనుల్లోనే చర్చి మెట్లెక్కారు. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించలేదు గాని, టేపు మాత్రం మెడలోంచి తీయదు. చెవిలో మిషనుంది. బ్యాటరీ అరిగిపోతుందని దాన్ని ఆదివారం ప్రార్థనలకి తప్ప ఆన్ చేయదు.

"అవ్వా, నీ టేపు ఒక్కసారిస్తావా?"

"ఎవరికే కొలతలు?"

"థోర్ఫిన్ తాతకి, ఇంగా టీచరుగారికి."

"ఇద్దరికా? ఒక్కసారే?"

"ఆ, ఇద్దరికీ. మూడింటికి ఆవిడ వచ్చేలోపల అయిపోవాలి."

"ఎవరు?"

"డైటీషియన్!" అని మెరన్ చెవి దగ్గర అరిచింది.

ఎఫీ చెవిలోకి అది "డేటిచ్చేశాం" అని వెళ్లింది. అవ్వ ముఖం వెయ్యి దీపాలు పెట్టినట్టు వెలిగిపోయింది. టేపు తీసి రెండు చేతులా అందించి, కుర్చీని నడవాలోకి జరిపించుకుంది. అక్కడ కూర్చుంటే రెండు గదులూ కనిపిస్తాయి.

థోర్ఫిన్ అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నాడు.

"చెయ్యి ఎదుటి భుజం మీద పెట్టు తాతా."

"చెయ్యెందుకు? ఎత్తే కావాలంటే నన్నడుగు. ఆరడుగుల రెండంగుళాలు."

"అది నువ్వు చెప్పే మాట. ఇప్పుడు ఎముక చెప్పాలి."

"నా ఎముక నా మాటే వింటుంది పిల్లా. ఔనూ, టీచరమ్మకి కూడా కొలుస్తావా?"

"కొలుస్తాను."

"అయితే బాగా కొలువు. ఇన్నేళ్లకి మంచి పని చేస్తున్నారు మీరు."

ఆయనకి ఇరవై ఆరు సెంటీమీటర్లు వచ్చింది. మెరన్ రాసుకుని ఇంగా గదిలోకి వెళ్లింది. ఆవిడ మొదట ససేమిరా అంది. "నా ఎత్తు నాకుండగా నా చేతితో నీకేం పని?" అంది. మెరన్ బతిమాలి, బుజ్జగించి, మెల్లిగా చెయ్యి పట్టుకుని శాలువాలోంచి బయటికి తీసింది. కొలిచి చూస్తే ఇరవై తొమ్మిది. మెరన్‌కి అనుమానం వచ్చింది. ఇంత ముడుచుకుని కూర్చున్న ముసలావిడ చెయ్యి ఆరడుగుల జాలరి చెయ్యి కన్నా పొడుగా? ఎక్కడో తప్పు పడి ఉంటుంది. మళ్లీ కొలిచింది, అదే వచ్చింది. మళ్లీ థోర్ఫిన్ దగ్గరికి పరుగెత్తింది, అక్కడా అదే వచ్చింది. సరే, ఎందుకైనా మంచిదని ఇద్దరికీ మడమ నుంచి మోకాలి దాకా కొలిచింది. అదీ చాలక, చెయ్యి బారజాపమని గొంతు గుంట నుంచి వేళ్ల దాకా కొలిచింది.

నడవాలో కూర్చున్న ఎఫీ ఒక్కొక్కటే చూస్తోంది. ముంజేయి అంటే చొక్కా చెయ్యి. మోకాలంటే గౌను అంచు. గొంతు గుంట నుంచి వేళ్ల దాకా అంటే కోటు భుజం. ఆ గది నుంచి ఈ గదికి, ఈ గది నుంచి ఆ గదికి. వృత్తిలో పండిపోయిన మనిషికి ఇంక వేరే చెప్పాలా?

మెరన్ టీ పెట్టడానికి వెళ్లగానే ఎఫీ నడవాలోని ఫోను అందుకుని, దీవిలో ఉన్న ఒకే ఒక కొట్టు నడిపే తన మేనకోడలు జెస్సీకి చేసింది. చెవిటివాళ్లు రహస్యం చెప్పినా పదిమందికి చెప్పినట్టే. అవతల జెస్సీ కూడా, అత్త అరుపు చెవి పక్కన భరించలేక, ఎప్పుడూ స్పీకరులో పెట్టే మాట్లాడుతుంది. ఆ వేళకి కొట్టు నిండా జనం.

"థోర్ఫిన్‌కీ ఇంగాకీ పెళ్లే! ఇవాళే! మూడింటికి! డేటిచ్చేశారట! కొలతలు నా టేపుతోనే తీశారు!"

అటు తర్వాత ఆశ్రమం ఫోను మోగడం మొదలైంది. మొదటి ఫోను ఎర్లెండ్ నుంచి. అతను థోర్ఫిన్‌కి తమ్ముడి మనవడు, ట్రాక్టరు మీద పుట్టి ట్రాక్టరు మీద పెరిగినవాడు.

"మెరన్, విన్నది నిజమేనా? తాతయ్యకీ టీచరుగారికీ?"

కొలతల మాట అప్పుడే ఊళ్లోకి పోయిందా అని మెరన్ ఆశ్చర్యపోయింది గాని, చిన్న దీవిలో అది మరీ అంత వింతేమీ కాదు. "నిజమే. ఇవాళ మూడింటికి ఇద్దరి సంగతీ తేలిపోతుంది."

"తాతయ్య ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకోవడమా! నేను వెళ్లేసరికే తయారై కూర్చున్నాడు."

"మరి టీచరుగారు?"

"మొదట మొండికేసింది. చెయ్యి పట్టుకున్నాక మెత్తబడింది."

"ఎవరు పట్టుకున్నాక?" అని అడగాలని ఎర్లెండ్‌కి తట్టలేదు. "మధ్యాహ్నం తాతయ్యని అలా ట్రాక్టరు మీద పడవల రేవు దాకా తిప్పుకొస్తాం. ఏమీ అనుకోవుగా?" అన్నాడు.

"మంచిదే. గాలి తగిలితే ఆకలేస్తుంది," అంది మెరన్ సంతోషంగా.

తర్వాత పాస్టరమ్మ రోనా చేసింది. ఆవిడ గొంతులో కొంచెం నిష్ఠూరం ఉంది.

"మెరన్, ఇంతటి విషయం, నాకొక మాట ముందుగా చెప్పాల్సింది కదమ్మా. కొట్లో చెబితే విన్నాను."

పాస్టరమ్మకి కూడా ముసలివాళ్ల తిండి మీద ఇంత శ్రద్ధ ఉన్నందుకు మెరన్ కరిగిపోయింది. "మీకు తీరిక ఉంటుందో లేదోనని చెప్పలేదండీ. రండి, మీరుంటే ఇంకా మంచిది."

"నేను లేకుండా ఎలా జరుగుతుందమ్మా? సరే, ఒక్కటి చెప్పు. ఈ వయసులో వాళ్ల మీద ఎవరి బలవంతమూ లేదుగా?"

"అయ్యో, లేదండీ. వాళ్ల మంచికే కదా. దీంతో ఇద్దరూ నాలుగు రోజులు ఎక్కువ బతుకుతారు."

"చాలా చక్కగా చెప్పావు," అంది పాస్టరమ్మ.

మధ్యాహ్నం ఎర్లెండ్, వాడి స్నేహితులు వచ్చి థోర్ఫిన్‌ని ఎత్తి ట్రాక్టరు వెనకున్న తొట్టిలో, గడ్డి మోపు మీద కూర్చోబెట్టారు. ఆ తొట్టిలో రెండు డబ్బాలూ, ఒక బస్తా, నాలుగు రేకు డోళ్లూ ఉండటం మెరన్ చూసింది గాని పట్టించుకోలేదు. పట్టించుకుని ఉండాల్సింది. ఆ దీవుల్లో పుట్టిపెరిగిన పిల్ల, పెళ్లికొడుక్కి నల్లపూత పూయడం ఎరగనిదా? పెళ్లికి ముందు స్నేహితులు వాణ్ణి ఎత్తుకుపోయి, నల్లటి బెల్లపు పాకం తలమీంచి దిగబోసి, దాని మీద పిండీ ఈకలూ చల్లి, డోళ్లు వాయిస్తూ ఊరంతా తిప్పుతారు. ఆ అవమానం తట్టుకున్నవాడు సంసారం కూడా తట్టుకుంటాడని వాళ్ల నమ్మకం.

రేవు దగ్గర జరిగింది మెరన్‌కి తర్వాత ఎర్లెండే చెప్పాడు. డబ్బా మూత తీయగానే థోర్ఫిన్‌కి విషయం అర్థమైపోయిందట.

"ఎవరికిరా పెళ్లి?"

"నీకే తాతయ్యా."

"నాకా! ఎవరితో?"

"ఇంగా టీచరుగారితో."

ముసలాయన బూతులందుకుంటాడని వాళ్లు కాచుక్కూర్చున్నారు. ఆయన చాలాసేపు నీళ్లకేసి చూశాడు. తర్వాత, "ఆవిడ ఒప్పుకుందా?" అన్నాడు.

"ఒప్పుకుందట. మెరన్ చెప్పింది."

థోర్ఫిన్ టోపీ తీసి పక్కన జాగ్రత్తగా పెట్టుకుని, తల వంచాడు. "కానివ్వండి. కళ్లల్లో పడకుండా పొయ్యండి," అన్నాడు.

ఇటు ఆశ్రమంలో మొదట జెస్సీ వచ్చింది, రెండంతస్తుల పళ్ల కేకుతో. డైటీషియన్‌కి ఇంత మర్యాదా అనుకుంది మెరన్. దాని వెనక ఇద్దరు ఫిడేలు వాళ్లు వచ్చారు. ముసలివాళ్లకి కాలక్షేపం కాబోలు అనుకుంది. ఆ తర్వాత చేతిపిడుల చెక్క గిన్నె మోసుకుంటూ ఇద్దరొచ్చారు. అందులోంచి వేడి బీరూ మిరియాలూ కలిసిన ఆవిరి లేస్తోంది. అది పెళ్లి గిన్నె. పెళ్లిలో తప్ప ఇంకెక్కడా దించరు. మెరన్ ఆ గిన్నెకేసి మళ్లీ చూసింది. అంతలో నల్ల అంగీ తొడుక్కుని, బైబిలు పట్టుకుని పాస్టరమ్మ లోపలికొచ్చింది. ఆమె వెనక సగం దీవి వచ్చింది.

"పెళ్లికూతురేదీ?" అంది జెస్సీ.

"ఏ పెళ్లికూతురు?" అంది మెరన్.

అందరూ నవ్వారు. మెరన్ నవ్వలేదు. పొద్దుటి నుంచి ఫోనులో తానన్న మాటలన్నీ ఒకటొకటిగా వెనక్కి నడిచొచ్చి ఆమె ముందు నిలబడ్డాయి. ఇంగా గదికి ఒకే పరుగు తీసింది.

గదిలో ఇంగా నిటారుగా కూర్చుని ఉంది. ఆమె తల మీద కిటికీ తెర ముక్కొకటి మేలిముసుగులా వేలాడుతోంది. ఎఫీ దానికి పిన్నులు గుచ్చుతోంది.

"రా మెరన్," అంది ఇంగా, బడిలో ఆలస్యంగా వచ్చిన పిల్లని పిలిచినట్టు. "ఇవాళ నా పెళ్లట. ఊరందరికీ చెప్పావట. నాకు చెప్పడానికి నీకు తీరిక దొరకలేదా?"

"టీచరుగారూ, నేను చెప్పలేదండీ, అంటే చెప్పాను గాని, నేను చెప్పింది అది కాదు..."

"కర్త, కర్మ, క్రియ. వరసగా చెప్పు. ఎవరితో పెళ్లి?"

"థోర్ఫిన్ తాతతో అనుకుంటున్నారండీ."

"వాడితోనా!" ఇంగా చేతులు కుర్చీ పట్టీల మీద బిగిశాయి. ఇక పిడుగు పడుతుందని మెరన్ కళ్లు మూసుకుంది. పిడుగు పడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "వాడు ఒప్పుకున్నాడా?" అంది ఇంగా.

మెరన్ జవాబు చెప్పేలోగా బయట డోళ్లు మోగాయి. ట్రాక్టరు ముంగిట్లోకి వచ్చి ఆగింది. తొట్టిలో నల్లగా, జిగటగా, ఒళ్లంతా కోడి ఈకలతో ఒక ఆకారం కూర్చుని ఉంది. దాని పక్కన, ఒళ్లో తోలు సంచి పెట్టుకుని, పిండి పడిన కోటుతో ఒక కొత్త మనిషి కూర్చుంది. ఆవిడే డైటీషియన్ కట్రియోనా. పడవ దిగి, ఆశ్రమానికి దారేదని అడిగితే, "మేమూ అక్కడికే, ఎక్కండి," అని కుర్రాళ్లు ఎక్కించేసుకున్నారు. దారిలో ఆవిడ ఆ ఆకారాన్ని మర్యాదగా, "ఏమైందండీ మీకు?" అని అడిగిందట. "పెళ్లి," అందట ఆకారం.

మేట్రన్ మాట మెరన్ చెవుల్లో గింగురుమంది. ఇల్లు ఇల్లులా లేదు. ఇంక దాచి లాభం లేదనుకుని, హాలు మధ్యలోకి వెళ్లి స్టూలెక్కింది.

"అందరూ ఒక్కసారి వినండి! పెళ్లి లేదు. ఏమీ లేదు. నేను కొలిచింది కోట్ల కోసం కాదు, ఎత్తు కోసం. ముంజేయి కొలిస్తే ఎత్తు తెలుస్తుంది. ఎత్తు తెలిస్తే ఎంత తినాలో తెలుస్తుంది. మూడింటికి రావలసింది ఈ డైటీషియన్ గారు. తప్పంతా నాది. నన్ను క్షమించండి."

ఫిడేలు ఆగిపోయింది. చెక్కగిన్నె పట్టుకున్నవాళ్లు దాన్ని కింద పెట్టాలో తాగాలో తెలియక అలాగే నిలబడ్డారు. అందరి కళ్లూ థోర్ఫిన్ మీదికి తిరిగాయి. గుమ్మంలో ఇద్దరి భుజాల మీద వేలాడుతూ నిలబడ్డ ఆ ముసలాయన కింద చాప మీదికి పాకం చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"నాకు ముందే తెలుసు," అన్నాడు థోర్ఫిన్. "పాకం బాగుందని ఊరుకున్నా."

ఎవరూ నవ్వలేదు. ఇంగా కుర్చీ చక్రాలు తానే తిప్పుకుంటూ జనం మధ్యలోంచి వచ్చింది. కిటికీ తెర ఇంకా తల మీదే ఉంది.

"ఇంతమంది ఉన్నారు, వాడి మొహం తుడిచే దిక్కు లేదా? చలికి చస్తాడు. వంగరా."

ఆయన వంగాడు, అంటే అప్పటికే వంగి ఉన్నవాడు ఇంకాస్త వంగాడు. ఆవిడ రుమాలు తీసి, బడిలో సిరా పూసుకున్న పిల్లవాడికి తుడిచినట్టు, చెవుల వెనక దాకా తుడిచింది.

"బాధ పడ్డావా?" అంది లోగొంతులో.

"దేనికి? నువ్వు పడ్డావా?"

"నోర్మూసుకో. కంట్లోకి పోతుంది."

కేకు వచ్చింది కాబట్టి కోశారు. బీరు వేడిగా ఉంది కాబట్టి తాగారు. పాస్టరమ్మ, ముందుగా ఇవ్వాల్సిన పెళ్లి నోటీసైనా లేకుండా పెళ్లెలా చేయాలా అని పొద్దుటి నుంచి మథనపడుతున్నదేమో, అందరి కన్నా తేలికపడి ఓ పెద్ద ముక్క తీసుకుంది. కట్రియోనా కోటు మీది పిండి దులుపుకుని, ఇదంతా రోజూ ఉండేదే అన్నట్టు పట్టిక తీసి బల్ల మీద పరిచింది.

"కొలతలు ఉన్నాయా? ఇద్దరినీ పక్క గదిలోకి..."

"పక్క గదెందుకు?" అన్నాడు థోర్ఫిన్. దుప్పట్లో చుట్టి కూర్చోబెట్టేసరికి ఆయనకి మళ్లీ ప్రాణం లేచొచ్చింది. "అందరి ముందూ చదవండి. నాది ఆరడుగుల రెండంగుళాలు."

"నాదీ చదవండి," అంది ఇంగా. "ఇద్దరిదీ చదవండి. వీడితో ఈ తగువు నాకు పద్దెనిమిదో ఏట మొదలైంది."

అప్పుడు తెలిసింది అందరికీ. కోతల పండగనాడు ధాన్యపుకొట్టులో జరిగిన నాట్యంలో థోర్ఫిన్ వెళ్లి తనతో ఆడమని ఇంగాని అడిగాడట. తనకన్నా పొట్టివాడితో ఆడనంది ఆమె. పొట్టివాణ్ణి కాదని ఆయన ఆ రాత్రి నుంచి చెబుతూనే ఉన్నాడు. మధ్యలో ఎవరి పెళ్లి వాళ్లు చేసుకున్నారు, ఎవరి పిల్లల్ని వాళ్లు పెంచుకున్నారు, ఎవరి తోడుని వాళ్లు సాగనంపారు. ఆయన మాత్రం చెప్పడం మానలేదు. పదేళ్లకోసారి ఓ అంగుళం కలుపుతూ వచ్చాడేమో కూడా.

కట్రియోనా పట్టిక మీద వేలు జరిపింది. "థోర్ఫిన్ ఫ్లెట్. ఐదడుగుల ఆరంగుళాలు."

హాలు గొల్లుమంది. ఎర్లెండ్ నేల మీద కూర్చుండిపోయాడు. "పట్టిక తప్పు!" అని థోర్ఫిన్ కేకలు పెట్టాడు.

"మోకాలి కొలతా ఇదే చెబుతోందండీ. ఇంగా ఇజ్‌బిస్టర్. ఐదడుగుల తొమ్మిదంగుళాలు."

ఇంగా మేలిముసుగు సవరించుకుంది. అది చాలు.

కట్రియోనా మాత్రం నవ్వడం లేదు. రెండు బరువులూ మళ్లీ చూసుకుంది, రెండు ఎత్తులూ మళ్లీ చూసుకుంది, పెన్సిలుతో ఏదో లెక్క వేసి, మెరన్‌ని దగ్గరికి పిలిచింది. అయినా హాలంతా చెవులు రిక్కించింది.

"ఫ్లెట్ గారికి ఏ ఇబ్బందీ లేదు. ఐదడుగుల ఆరంగుళాల మనిషికి ఈ బరువు చక్కగా సరిపోయింది. ఇన్నాళ్లూ లేని ఎత్తుకి మీగడ పోశారు మీరు. కానీ టీచరుగారి సంగతి చూడండి. పొట్టి మనిషనుకుని బాగానే ఉందన్నారు. ఇంత పొడుగు మనిషికి ఈ బరువా? బాగా చిక్కిపోయారు. ఆ శాలువాలు తీస్తే మీకే తెలుస్తుంది."

హాల్లో నవ్వు కోసేసినట్టు ఆగింది. కట్రియోనా వెళ్లి ఇంగా పక్కన కూర్చుంది. పళ్లెంలో కేకు ముక్క అలాగే ఉంది. పైనున్న మెత్తటి చక్కెర పూత మాత్రం గీకి తిన్నట్టుంది.

"నమలడానికి కష్టంగా ఉందా టీచరుగారూ?"

ఇంగా గడ్డం పైకెత్తింది. తర్వాత దించింది. "కట్టుడు పళ్లు చిగుళ్లకి గుచ్చుకుంటున్నాయి. తుంటి విరిగి మంచాన పడి చిక్కినప్పటి నుంచీ వదులైపోయాయి. ఎవరికని చెప్పను? చెబితే, 'పాపం ముసల్ది' అంటారు."

మెరన్‌కి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రోజూ ఆవిడ రొట్టె టీలో ముంచుకోవడం తను చూస్తూనే ఉంది. అది టీచరమ్మ అలవాటనుకుంది. అంత గట్టిగా పోట్లాడే మనిషి ఆకలితో ఉంటుందని ఎవరనుకుంటారు?

అందరికన్నా ఎక్కువ కంగారుపడింది థోర్ఫిన్. "ఇన్నాళ్లూ నా గిన్నెలో మీగడ చూసి సిగ్గులేనివాడా అని తిట్టావే, ఓ చెంచా అడగలేకపోయావా?"

"నిన్నా? నిన్నడగనా?"

"నువ్వు చచ్చిపోతే కిటికీ నాకొచ్చేస్తుంది, తెలుసా? ఆ కిటికీ ఒంటరిగా నాకొద్దు." ఆయన దుప్పట్లోంచి ఈకల చెయ్యి బయటికి తీసి, వంటామె అప్పుడే తెచ్చిపెట్టిన తన కస్టర్డ్ గిన్నె ఆవిడ వైపు తోశాడు. "తిను. మెత్తగా ఉంది. తినేదాకా కదలను."

ఇంగా చెంచా తీసుకుంది. "ఇందులో ఈక పడింది," అంది.

"తీసేసి తిను. టీచరువి, ఆ మాత్రం తెలియదా?"

ఆవిడ ఈక తీసి, గిన్నె అడుగు కనిపించేదాకా తింది.

మరుసటి రోజు మేట్రన్ వచ్చింది. చాప మీద పాకం మరకలూ, కిటికీకి లేని తెరా చూసి నోరు తెరిచింది. మెరన్ జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది, తన ఉద్యోగం పోతుందనే అనుకుంటూ చెప్పింది. ఐదడుగుల రెండంగుళాలని కంటి అంచనాతో రాసింది ఎవరో గుర్తొచ్చి, మేట్రన్ తెరిచిన నోరు మూసింది. పళ్ల డాక్టరుకి ఫోను తానే చేసింది. కొత్త పళ్లు వచ్చాయి. మీగడ ఇంగా జావలోకి మారింది. దాన్ని వంటింట్లోంచి తెచ్చేది మాత్రం థోర్ఫిన్. తెచ్చి, పోసి, ఎదురుగా కూర్చుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా వాదన పెట్టుకుంటాడు. కిటికీ ముందు ఇప్పుడు రెండు కుర్చీలు పడుతున్నాయి. పట్టవని ఇన్నాళ్లూ ఎవరన్నారో ఎవరికీ గుర్తులేదు. పెళ్లి మాటేమిటని పాస్టరమ్మ ఓసారి సరదాగా కదిపితే, వాడింకా మూడంగుళాలు పెరగాలంది ఇంగా.

చలికాలం ముందు ఫ్లూ జ్వరం టీకాలు వేసే రోజొచ్చింది. దీవంతా ఆశ్రమానికి వచ్చి వరసలో నిలబడింది. పెళ్లికాని మగవాళ్లు మాత్రం, మెరన్ "చెయ్యివ్వండి," అనగానే, ముందు ఆమె జేబులో టేపు లేదని చూసుకుని అప్పుడే చొక్కా చెయ్యి మడుస్తున్నారు. అందరూ కడుపుబ్బ నవ్వుకున్నారు, మెరన్ తప్ప. ఆమెకి కూడా ఇంకా పెళ్లి కాలేదు.